సోమలమ్మ మాట, సీతారామరాజు పేరు

సోమలమ్మ ఎవరినైనా మెచ్చుకోవడం నేనెప్పుడూ వినలేదు. నర్సీపట్నంలో అబీద్ సెంటర్ దాటి బస్ కాంప్లెక్సుకు వెళ్లే దారిలో నాకొక చిన్న మ్యాచింగ్ సెంటర్ ఉంది. లైనింగు గుడ్డలు, ఫాల్సులు, హుక్కులు అమ్ముకుంటాను. నా కొట్టు మెట్ల పక్కన గోనెపట్టా పరుచుకుని ఆమె కూర్చుంటుంది. వానలు ముదిరే దాకా పనసతొనలు, తరవాత సీతాఫలాలు, చలికాలం వెళ్లాక కొత్త చింతపండు, కొండచీపుర్లు. కృష్ణదేవిపేట దాటి కొండెక్కితే వచ్చే గరువుల్లో, అంటే కొండపల్లెల్లో, నేరేడుగరువు ఆమె ఊరు. తెల్లవారకుండానే కొండ దిగి, పేటలో షేర్ ఆటో పట్టుకుని, ఎండ ముదిరేలోపు మా వీధికి చేరుతుంది. చేరగానే తిట్లు మొదలు. ఆటోవాడు మనుషుల్ని బస్తాల్లా కుక్కాడని, ఎవడో చెత్త తెచ్చి సరిగ్గా ఆమె చోటులోనే పోశాడని, నేను షట్టరు ఆలస్యంగా ఎత్తానని.

ఆ తిట్ల కోసం జనం ఆగేవాళ్లు. ఒకసారి ఒకావిడ పనసతొనలు బేరమాడుతూ, “కొండ మీద ఊరికే కాసేవేగా, అంత చెప్తావేంటి?” అంది.

“అవునమ్మా, ఊరికే కాస్తాయి. నువ్వూ ఊరికే కొండెక్కి, ఊరికే దిగి, ఊరికే తెచ్చుకో,” అంది సోమలమ్మ తల ఎత్తకుండా.

చీపుర్ల కట్టలు తెస్తుంటే దారిలో ఆపి తనిఖీ చేశారని ఒకరోజు మండిపడింది. “అడివి మీదేనని మీటింగెట్టి మరీ సెప్తారు. అందులోంచి గంపెడు తెస్తే దొంగలంటారు. మా ఇంట్లో మేవే దొంగతనం సేస్తన్నాం కాబోలు.” నాయకులు విగ్రహానికి దండలు వేసి కార్లెక్కి పోతుంటే, “దండేసిన సేత్తో మరింకే పనీ సెయ్యకూడదని ఏ దేవుడైనా సెప్పినాడేటి?” అంది.

ఈ మాటలు సాయంత్రానికల్లా టీకొట్టు దాకా పాకేవి. అందరూ నవ్వుకునేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. ఆమె మాత్రం నవ్వేది కాదు. మనకు జోకుల్లా వినిపించేవి ఆమెకు ఉత్త కడుపుమంట.

సోమలమ్మకు ఒక్కతే కూతురు, మణి. పదో తరగతి అయిన వేసవిలో నా కొట్లో పనికి కుదిరింది. జాకెట్టు ముక్క చూపిస్తే చాలు, దానికి సరిపడే దారం రీలు చూడకుండానే చెయ్యి పెట్టి తీసేది. తల్లికి పూర్తిగా వేరు, గట్టిగా మాట్లాడడమే తెలియదు. తల్లి ఎవరితోనైనా తగువుపడుతుంటే లోపల్నుంచి నావైపు చూసి నోరు మూసుకుని నవ్వేది. రెండేళ్ల తరవాత వాళ్ల గరువులోనే పెళ్లయింది.

మూడేళ్ల కిందట, వానల్లో, ఆ పిల్లకు నొప్పులొచ్చాయి. పేట నుంచి పైకి వెళ్లే రోడ్డు మొదటి గెడ్డ దగ్గర, కొండవాగు ఒడ్డున, ఆగిపోతుంది. అక్కడి నుంచి కాలిబాటే. దుప్పటిని వెదురుబొంగుకు కట్టి, అందులో మణిని పడుకోబెట్టి మోసుకొచ్చారు. ముందు కొస సోమలమ్మ మొగుడు గంగులు భుజాన ఉంది. పై గెడ్డ పొంగి ఉంది. నీళ్లు తగ్గుతాయేమోనని ఒడ్డున దించారు. అంబులెన్సు వచ్చి కింద మొదటి గెడ్డ దగ్గర నిలబడింది. తాను వచ్చినట్టు వీళ్లకు తెలియాలని డ్రైవరు హారను కొడుతూనే ఉన్నాడట. ఆ హారను వింటూ మణి ఒడ్డు మీదే చనిపోయింది. కడుపులో బిడ్డ కూడా.

ఇదంతా నాకు గంగులు చెప్పాడు. సోమలమ్మ చెప్పలేదు. ఆమె కొన్నాళ్లు రాలేదు. తరవాత వచ్చి, ఎప్పటి చోటులోనే గోనె పరుచుకుని, ఎప్పటికంటే ఎక్కువ తిట్టడం మొదలుపెట్టింది.

ఆ గెడ్డ దాటించి పైకి వేస్తామన్న రోడ్డుకు కొబ్బరికాయ కొట్టిన మనిషి చినబాబు. మా వీధిలో పెరిగి నాయకుడైనవాడు. ఏ పార్టీ అని అడిగితే చెప్పలేను, ఈ పదేళ్లలో ఆయన చేరని పార్టీ లేదు. ఎన్నికల ముందు మొదటి గెడ్డ దాకా కారులో వెళ్లి, కాయ కొట్టి, ఫొటో దిగి వచ్చాడు. పగిలిన కొబ్బరిచిప్ప తప్ప అక్కడ ఇంకేమీ మిగల్లేదు.

సోమలమ్మ సోమవారాల్లో అర్జీలు తీసుకునే గ్రీవెన్సుకు వెళ్లడం మొదలుపెట్టింది. రెండో ఏట ఒకసారి నేనూ తోడు వెళ్లాను. హాలు నిండా జనం. ఎప్పటికో పిలుపు వచ్చింది. మణి ఎలా పోయిందో చెప్పి, రోడ్డు ఎప్పుడేస్తారని అడిగింది. ఆఫీసరు గారు మంచిగానే మాట్లాడారు.

“చూడమ్మా, అటవీశాఖ అనుమతి రావాలి. పైనుంచి ఫైలు కదలాలి. అన్నీ ఒక్కరోజులో అయ్యేవి కావు. కాస్త ఓపిక పట్టాలి.”

పొద్దుటి నుంచి నిలబడే ఉన్న సోమలమ్మ రెండు చేతులూ నడుం మీద వేసుకుంది. “బాబూ, ఓపిక పట్టమన్నోలందరూ కూకునే అన్నారు. నిలబడున్నోడు ఒక్కడూ ఆ మాట అన్లేదు.”

హాలు గొల్లుమంది. ఆఫీసరు గారు కూడా నవ్వారు. “భలే మాట్లాడతావమ్మా!” అని, నవ్వు ముఖంతోనే తరవాతి మనిషిని పిలిచారు.

బయటికొచ్చాక ఆమె మెట్ల మీద నిలబడిపోయింది. “నా గుంట సచ్చిపోనాదని సెప్తే నవ్వుతారేటి సత్తెమ్మా? నానేటి నవ్వొచ్చే మాట అన్నాను?”

హాల్లో మా వెనక వరసలో, ఇంటిస్థలం పని మీద వచ్చిన ధర్మతేజ కూర్చున్నాడు. మా వీధి చివర ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపు అతనిదే. పెళ్లికి, పుట్టినరోజుకి, చావుకి, రాజకీయానికి అందరూ అతని దగ్గరికే. నవ్వుతూ ఫోన్లో ఏదో టైపు చేసుకుంటుంటే చూశాను గానీ, అదేమిటని అనుకోలేదు.

ఆ తరవాతి జూలై నాలుగున తెలిసింది.

అల్లూరి సీతారామరాజు జయంతి మాకు చిన్న పండగ కాదు. ఆయన సమాధి ఉన్న ఊరు మాకు పక్కనే. పొద్దున్న కొట్టు తెరిచేసరికి సెంటర్ నుంచి కాంప్లెక్సు దాకా కరెంటు స్తంభానికొక ఫ్లెక్సీ కట్టి ఉంది. కాషాయ వస్త్రం, గడ్డం, చేతిలో విల్లు. పైన “అల్లూరి సూక్తులు” అని, మూల మీద చినబాబు నవ్వుముఖం. నా కొట్టు ఎదుట ఉన్న ఫ్లెక్సీ మీద ఇలా ఉంది: “అడవి మీదే అంటారు, అందులోంచి తెచ్చుకుంటే దొంగలంటారు. — అల్లూరి సీతారామరాజు.”

ఇది ఎక్కడో విన్నానే అనుకున్నాను. పక్క స్తంభం చూశాను. “దండ వేసిన చేతితోనే పని కూడా చేయండి.” ఆ పక్కది: “ఏదీ ఊరికే దొరకదు, కొండ ఎక్కినవాడికే పండు విలువ తెలుస్తుంది.” నా మెట్ల పక్కన గోనె మీద పుట్టిన మాటలన్నీ యాస కడిగించుకుని, వ్యాకరణం దిద్దించుకుని, వందేళ్ల కిందట పోయిన మహానుభావుడి పేరు పెట్టుకుని వీధి పొడుగునా వేలాడుతున్నాయి.

సోమలమ్మకు చదవడం రాదు. వచ్చి, పనసకాయ ముందు పెట్టుకుని, కత్తికి నూనె రాస్తూ, “ఏటి సత్తెమ్మా అలగ సూస్తన్నావు? ఏటి రాసున్నాది?” అంది.

చదివి వినిపించాను. మొదటిది వింటూ నూనె రాస్తూనే ఉంది. రెండోది విని కత్తి కింద పెట్టింది. కాంప్లెక్సు ఎదుటి ఖాళీ స్థలంలో సభకు స్టేజీ కట్టారు. దాని పక్కన వెదురు చట్రానికి మనిషికి రెట్టింపు ఎత్తున అన్నిటికంటే పెద్ద ఫ్లెక్సీ. అక్కడికి నన్ను లాక్కెళ్లింది. “ఇది కూడా సదువు.”

“ఓపిక పట్టమని చెప్పేవాడు ఎప్పుడూ కూర్చునే చెబుతాడు. లేచి నిలబడు! — అల్లూరి సీతారామరాజు,” అని చదివాను.

ఆమె ముఖం నల్లగా మాడిపోయింది. నేరుగా ధర్మతేజ షాపుకు నడిచింది. నేను వెనకే పరిగెత్తాను.

“ఆ పెద్ద బొమ్మ కింద మాట ఎవలదిరా?” అని గుమ్మంలోనే అడిగింది.

“అల్లూరి వారిది పెద్దమ్మా, కింద పేరుంది కదా,” అన్నాడు ధర్మతేజ నవ్వుతూ. తరవాత ఆమె ముఖం చూసి నవ్వు ఆపాడు.

“ఆయనొచ్చి నీ సెవిలో సెప్పినాడేటి?”

“అది కాదు పెద్దమ్మా. చినబాబు గారు జయంతికి సూక్తులు కావాలన్నారు. నెట్లో వెతికితే ఏవీ బాగా లేవు. నీ మాటలు గుర్తొచ్చాయి. కాస్త భాష సరిచేసి వేశాను. సోమలమ్మ అన్నదని వేస్తే ఎవడు చదువుతాడు చెప్పు? ఆయన పేరుంటేనే ఆగి చూస్తారు. నీ మాటకి అంత పెద్దాయన పేరు పెట్టానంటే నీకు గౌరవమే కదా?”

“నా పేరొద్దు,” అంది సోమలమ్మ. “నా గుంట పేరెట్టు. మణి అని రాయి. ఆ మాట నాను దాని గురించి అన్నాను. అది ఎక్కడ సచ్చిపోనాదో, ఎలగ సచ్చిపోనాదో కింద రాయి. అప్పుడు ఆగి సూస్తారో సూడరో సూద్దాం.”

ధర్మతేజ నా వైపు చూశాడు. నేనేమైనా సర్దిచెబుతానని కాబోలు. నేను చెప్పలేదు.

“చినబాబు గారు ఒప్పుకోరు,” అన్నాడు చివరికి. “పండగ పూట అలాంటివి వేస్తే బాగోదు పెద్దమ్మా. కావాలంటే ఆయన్నే అడుగు.”

ఆమె తిరిగొచ్చి పనసకాయ కోయడానికి కూర్చుంది. ఎవరో తొనలు అడిగితే, వినిపించనట్టు కోస్తూనే ఉంది.

సభ మొదలైంది. మైకులో దేశభక్తి పాటలు ఆగి చినబాబు గొంతు వచ్చింది. నా మెట్ల మీది నుంచి చూస్తే స్టేజీ మీద వరసగా కుర్చీలు, మధ్య కుర్చీలో మా గ్రీవెన్సు ఆఫీసరు గారు. చినబాబు చెయ్యెత్తి, “మన మన్యం వీరుడు ఏమన్నారు సోదరులారా? ఓపిక పట్టమని చెప్పేవాడు ఎప్పుడూ కూర్చునే చెబుతాడు, అన్నారు!” అని ఆగాడు. చప్పట్లు. ఆఫీసరు గారు కూడా కుర్చీలో కూర్చునే చప్పట్లు కొట్టారు. ఆ మాట ఎక్కడ విన్నారో ఆయనకు గుర్తు రాలేదు. ఎవరన్నారో, ఎందుకన్నారో, తాను ఎలా నవ్వారో ఏదీ గుర్తు రాలేదు. అది చూసి నాకే కళ్లు మండాయి. ఇక ఆమెకెలా ఉందో!

పక్కకి తిరిగి చూస్తే సోమలమ్మ లేదు. గోనె మీద సగం కోసిన పనసకాయ ఉంది. కత్తి లేదు.

నేను వెళ్లేసరికి ఆమె పెద్ద ఫ్లెక్సీ ముందు ఉంది. అక్షరాలు చేతికి అందే ఎత్తులోనే ఉన్నాయి. నేను లైనింగు గుడ్డ కత్తిరించేంత తిన్నగా, పనసజిగురు అంటిన కత్తితో, ఆ మాట చుట్టూ కోస్తోంది. పైనున్న బొమ్మకు ఒక్క గీత కూడా పడకుండా అక్షరాలున్న ముక్కను మాత్రం ఊడదీసింది.

“అల్లూరి ఫ్లెక్సీ చింపేస్తోంది!” అని ఎవడో అరిచాడు. చినబాబు మనుషులు పరిగెత్తుకొచ్చారు. ఒకడు కత్తి లాక్కున్నాడు. ఇంకొకడు, ఆమెకు కొడుకు వయసువాడు, చెంప మీద కొట్టాడు. కొట్టిన చప్పుడు మైకులో కూడా వినిపించినట్టనిపించింది నాకు. “దేశభక్తుణ్ణి అవమానిస్తావా?” అని ఇంకా చెయ్యి ఎత్తుతుంటే నేను అడ్డం పడ్డాను.

సోమలమ్మ చెంప తడుముకోలేదు. “ఆయన్నేటి సేసినాను? సూడు, ఆయన అలగే ఉన్నాడు. నా మాట నాను తీసుకున్నాను,” అంది. ఊడదీసిన ముక్కను చంకలో పెట్టుకుంది.

పోలీసులు వచ్చి ఆమెను స్టేషనుకు తీసుకెళ్లారు. ఒకందుకు అదే నయం, అక్కడున్న గుంపును చూస్తే భయమేసింది. వాళ్లలో ముప్పావు మంది ఏ రోజూ ఆ కొండల వైపు కాలు పెట్టినవాళ్లు కారు.

కబురు తెలిసి గంగులు కొండ దిగి వచ్చాడు. మణి పోయాక ఆయన మాట్లాడడమే తగ్గించేశాడు. స్టేషను గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఎస్సై గారు సోమలమ్మను ఎదురుగా కూర్చోబెట్టి అడిగారు. “అంత గొప్ప మనిషి ఫ్లెక్సీ ఎందుకు కోశావమ్మా? ఆయనంటే గౌరవం లేదా?”

“మా తాత ఆయనకి అంబలి పోసినాడు బాబూ,” అంది సోమలమ్మ. “పోసినందుకు సెట్టుకి కట్టి కొట్టినారు. ఆ దెబ్బలకి మా తాత నడుం మరి నిటారు అవ్వలేదంట. మా ఇంట్లో ఆయన గురించి సెప్పుకునేది అదీ. ఆయన మాటలేటో మాకు తెలవదు. ఆయనేటి సేసినాడో, ఆయనెనక ఎల్లినోలకి ఏటయినాదో తెలుసు. ఈ స్టేజీలెక్కినోలకి మాటలు సాలు. మాటలైతే ఎవలైనా ఏసుకోవచ్చు. దెబ్బలు ఏసుకోమను, సూద్దాం.”

ఎస్సై గారు రాస్తున్న కలం కింద పెట్టారు. తరవాత ఆమెకు టీ తెప్పించారు. కేసు పెట్టాలని చినబాబు మనుషులు బయట అరుస్తూనే ఉన్నారు.

సాయంత్రం అయ్యేసరికి సంగతి మారింది. చెంపదెబ్బ వీడియో ఫోన్లలో తిరగడం మొదలైంది. కొండమీద గరువుల నుంచి, పేట నుంచి చినబాబుకు ఫోన్లు వెళ్లాయట. ఆయన ముఖంలో ఉన్నట్టుండి ప్రేమ పొంగింది. చేతిలో శాలువాతో, వెనక ఫోన్ కెమెరాలతో స్టేషనుకు వచ్చాడు.

“కేసేమిటండీ, మన అమ్మే కదా! ఏదో ఆవేశంలో చేసింది. ఆ కుర్రాణ్ణి నేను మందలించాను,” అని ఎస్సై గారితో అని, సోమలమ్మ వైపు తిరిగాడు. “రామ్మా, ఇలా నిలబడు. నీకు సన్మానం చేస్తాను.”

శాలువా విప్పి ఆమె భుజాల మీద వేయబోయాడు. ఆమె రెండడుగులు వెనక్కి వేసింది.

“ఇది నాకెందుకు? నేరేడుగరువు దారిలో పరుసు. ఎంత దూరం వొస్తాదో సూద్దాం.”

ఎవరో నవ్వారు. ఆ నవ్వు అందరికీ అంటుకుంది. అందరికంటే గట్టిగా చినబాబే నవ్వాడు. “అబ్బ, ఏం మాట! ఏం మాట!” అంటూ కెమెరా వైపు తిరిగాడు. ఫోన్లు పట్టుకున్నవాళ్ల వేళ్లు టకటకలాడుతున్నాయి.

సోమలమ్మ ఒక్కొక్కరి ముఖం చూసింది. గ్రీవెన్సు మెట్ల మీద నిలబడినప్పటి చూపే. అప్పుడు మొదలుపెట్టింది. ఆమె తిట్లు ఎన్నో ఏళ్లుగా వింటున్నదాన్ని, అలాంటివి నేనెన్నడూ వినలేదు. చినబాబు పుట్టుక దగ్గర మొదలై, కొట్టిన కొబ్బరికాయ మీదుగా, నవ్విన ప్రతివాడి వంశం దాకా వెళ్లింది. అవి ఇక్కడ రాయలేను. కానిస్టేబుల్ ఆపబోతే ఎస్సై గారే చెయ్యి అడ్డం పెట్టారు. నవ్వులు ఆగిపోయాయి. ఫోన్లు జేబుల్లోకి వెళ్లాయి.

“ఇది రాసుకోండ్రా!” అంది చివర్లో రొప్పుతూ. “ఇది కూడా ఆయన పేరెట్టి ఏసుకోండి!”

గంగులు లేచి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరూ బయటికి నడిచారు. శాలువా బల్ల మీదే ఉండిపోయింది.

మర్నాడు పొద్దున్న మా బంధువుల వాట్సాప్ గ్రూపులో మా మరిది ఒక బొమ్మ పెట్టాడు. గులాబీ పువ్వు, శుభోదయం, విల్లు పట్టుకున్న సీతారామరాజు. కింద: “నాకు శాలువా వద్దు, నా ప్రజల దారిలో పరచండి.” నేను ఫోన్ చేసి అరిచాను. ఈ మాట ఆయనది కాదు, నిన్న సాయంత్రం మా వీధి మనిషి అంది, నా కళ్ల ముందు అంది, అని. “ఎవరంటే ఏముంది వదినా, మంచి మాటే కదా,” అన్నాడు.

ఎవరంటే ఏముందట! పెనం మీది నుంచి అట్టు తీసుకుని వంటమనిషిని బయటికి గెంటినట్టు, మాటను మాత్రం ఉంచుకుని మనిషిని వదిలేస్తారు. సీతారామరాజు అన్నాడంటే వందేళ్ల కిందటి దొరల మీద అన్నట్టు. ఎవరికీ నొప్పి ఉండదు, చప్పట్లు కొట్టుకోవచ్చు. సోమలమ్మ అన్నదంటే అది ఈ ఏడాది మాట, మన ఊరి మాట, మన ఆఫీసరు మీద మాట. అందుకే ఆమె పేరు పనికిరాదు. అది మోసమని నాకు ఆ రోజు అర్థమైంది. ఆ బొమ్మలో ఉన్న ఆయనకూ మోసమే, ఆమెకూ మోసమే. మా మరిదితో ఆరు నెలలు మాట్లాడలేదు.

సోమలమ్మ బజారుకు రావడం మానేసింది. వానలు వెనకబట్టాక, ఉండబట్టలేక నేనే వెళ్దామనుకున్నాను. ధర్మతేజ బండి తీసుకుని వచ్చి, “నేను దింపుతాను అక్కా,” అన్నాడు. ఒక చుట్ట తాడుతో కట్టి తెచ్చాడు. మొదటి గెడ్డ దగ్గర బండి ఆపి నడిచాం.

కొండవాలున గరువు జనం అంతా ఉన్నారు. పలుగులు, పారలు, గంపలు. కాలిబాటను వెడల్పు చేస్తున్నారు. గంగులు రాళ్లు పేరుస్తున్నాడు. సోమలమ్మ తట్ట మోస్తూ, రాయి సరిగా కూర్చోబెట్టనివాణ్ణి తిడుతోంది. ఆ గొంతు వినగానే నా ప్రాణం కుదుటపడింది.

ధర్మతేజ చుట్ట విప్పాడు. కొత్త ఫ్లెక్సీ. బొమ్మ లేదు. ఓపిక మాట మాత్రం ఆమె అన్నట్టే, యాసతో సహా. కింద “సోమలమ్మ, నేరేడుగరువు” అని ఉంది.

“సదువు,” అంది సోమలమ్మ నాతో. చదివాను. ఆమె ధర్మతేజ వైపు తిరిగింది.

“నాను అడిగింది నా పేరు కాదు,” అంది. ఫ్లెక్సీ తీసుకెళ్లి, తవ్విన దారి మీద అక్షరాలు కిందికి వచ్చేలా పరిచి, దాని మీద గంపలోని గులకరాళ్లు పోసింది. ధర్మతేజ తల దించుకుని నిలబడ్డాడు. కాసేపటికి కిందికి వెళ్లిపోయాడు.

దసరా తరవాత ఆ దారి మొదటి గెడ్డ నుంచి పై గెడ్డ దాకా ఆటో పట్టేంత అయింది. అనుమతి లేకుండా అడవిలో దారి తవ్వారని అటవీశాఖ వాళ్లు గరువు మనుషులను పిలిపించి గద్దించారు. సోమలమ్మ కూడా వెళ్లి, స్టేషనులో వాడిన భాషే అక్కడా వాడిందని గంగులు చెప్పాడు. దారి పూడ్చడానికి మాత్రం ఎవరూ కొండెక్కలేదు.

సంక్రాంతి దాటిన చలిలో, వాళ్ల గరువు పిల్ల లోవలక్ష్మికి నొప్పులొచ్చాయి. పై గెడ్డ దాకా మోసి, అక్కడి నుంచి ఆటోలో తెచ్చారు. సోమలమ్మ దారంతా డ్రైవరు వీపు మీద గుద్దుతూ, “బేగి పోనీ, గుంటల్లో కాదురా, పక్కనుంచి పోనీ!” అని అరుస్తూ వచ్చిందట. నేను ఆసుపత్రికి వెళ్లేసరికి ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా బాగున్నారు. లోవలక్ష్మి అత్త అందరికీ బిస్కెట్లు పంచుతోంది.

సోమలమ్మ వరండా చివర నిలబడి ఉంది. కాళ్లకు ఎర్రమట్టి. నేను దగ్గరికెళ్లి, “పోనీలే అప్పా, ఈసారికి బాగానే జరిగింది కదా,” అన్నాను.

చర్రున తిరిగింది.

“ఏటి బాగు? ఈ దారి మన సేతుల్తో తవ్వుకోవచ్చని మూడేళ్ల ముందు ఎవలికీ తోసలేదేటి? ఆల్లేస్తారు, ఆల్లేస్తారని ఎదురు సూసినాం. నా గుంటని ఎదురు సూసి సంపుకున్నాం. ఇప్పుడు తవ్వుకున్నామని సంబరపడాలా? మనవెందుకు తవ్వాల? మరి ఆల్లెందుకున్నారు?”

నేను ఆమె భుజం మీద చెయ్యి వేయబోయాను, తోసేసింది. లోపల్నుంచి పసిదాని ఏడుపు వినిపించింది. సోమలమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, ఆ పిల్ల చుట్టూ చలిగాలి వస్తోందని, కిటికీ మూయకుండా బిస్కెట్లు తింటున్నారని లోవలక్ష్మి అత్తను తిడుతూ లోపలికి వెళ్లింది.